సున్నా దగ్గర ఆగిన ముల్లు

అంబులెన్సు సిబ్బంది మనసుకు తగిలే గాయాన్ని ఇకమీదట ప్రభుత్వమే కొలుస్తుందని ఆరోగ్యమంత్రిగారు మైదానంలో ప్రకటించారు.

"చెయ్యాల్సిన మేలు చెయ్యలేకపోతే లోపల తగిలే దెబ్బ అది. ఒంటి గాయాలకు కట్లు కట్టిన ప్రభుత్వాలు చాలా చూశారు. మనస్సాక్షికి మీటరు పెట్టిన ప్రభుత్వం మాదే!"

ఇంత బరువైన మాట మోశాక ఎవరికైనా దాహం వేస్తుంది. మంత్రిగారు రెండు గ్లాసులు తాగారు.

వేదిక మీద లారీ చక్రమంత డయలు, దానికో ఎర్ర ముల్లు. ఊరు దాటి వెళ్ళినా పనిచేసే పట్టీ ఒకటి మనిషి చేతికి కడితే, లోపలి గాయం ఎంతో ఆ ముల్లు చూపిస్తుంది. ఏ ఒక్కరికీ అన్యాయం జరగకూడదని ఊళ్ళో ఉన్న అంబులెన్సులన్నిటినీ మైదానానికే రప్పించి వరసగా నిలబెట్టారు.

మొదటి పట్టీ సైరన్ బాబాయికి కట్టారు. ఇంట్లో చొక్కా గుండీ కనపడలేదని అడిగినా వీధి చివరకు వినిపించే గొంతు గనక డ్రైవరుకు ఆ పేరు స్థిరపడింది. నిన్నటి పిలుపులన్నిటికీ వేళకు చేరి, హాయిగా నిద్రపోయి వచ్చాడు. ముల్లు సున్నా మీద కూర్చుంది.

ఈ కొలత ఏర్పాట్లు చూస్తున్న ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు పరుగున వచ్చారు. "ఏంటి బాబాయ్, ఒక్క గాయం కూడా లేదా? పాతదైనా ఫర్లేదు."

"ఉన్నాయి సార్. రమ్మంటే వచ్చే రకం కాదవి."

"కాస్త ప్రయత్నించు. కెమెరాలు చూస్తున్నాయి."

బాబాయి కళ్ళు మూసుకుని బుద్ధిగా ప్రయత్నించాడు. ఆవులింత వచ్చింది.

అంతలో బండిలోని వైర్‌లెస్ మోగింది. కంట్రోల్ రూమ్ అమ్మాయి గొంతు. "రైల్వే గేటు పక్క వీధి. నిండు గర్భిణి, నొప్పులు పడుతోంది, ఇంట్లో ఎవరూ లేరు. దగ్గర్లో ఎవరున్నారు?"

బాబాయి బండెక్కేశాడు. బండిలో ఉన్న నర్సమ్మ చేతికి గ్లవ్స్ తొడుక్కుంది. డైరెక్టరుగారు చేతులు చాచి బండికి అడ్డం నిలబడ్డారు.

"కార్యక్రమం మధ్యలో ఎక్కడికయ్యా?"

"తప్పుకోండి సార్!"

వేదిక మీద ముల్లు కదిలింది. ఇరవై. ముప్పై. జనం చప్పట్లు కొట్టారు.

"బాబాయ్, ఎవరైనా బయల్దేరారా?" వైర్‌లెస్‌లో అమ్మాయి మళ్ళీ అడిగింది. "ఆవిడ నన్ను ఫోన్ పెట్టేయొద్దంటోంది."

అరవై. డెబ్బై.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు. "ఇంకాసేపు ఆపితే వంద దాటేలా ఉందే!"

"నడుపు బాబాయ్," అంది నర్సమ్మ. "ఈ పెద్దమనిషి తగిలితే కట్టు నేను కడతాలే."

ఇంజను గర్జించేసరికి డైరెక్టరుగారు వయసుకు మించిన చురుకుతో పక్కకు గెంతారు. బండి స్వాగత ద్వారాన్ని చీల్చుకుంటూ బయటపడింది. ద్వారానికి కట్టిన మంత్రిగారి నవ్వుముఖం గుడ్డ, అంబులెన్సు ముక్కుకు చుట్టుకుపోయింది. ఎన్నేళ్ళుగానో సైరనుకు దారివ్వని ఊరు ఆ ముఖానికి ఇచ్చింది. ఆటోలు కాలువల్లోకి దిగాయి. ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ కొట్టాడు. పడి ఉన్న రైల్వే గేటు కూడా లేచిందని బాబాయి చెబుతాడు. కాదనడానికి మనం అక్కడ లేము.

లోపలి గడియ ఊడేలా తలుపు తోసి లోపలికి వెళ్ళారు. ఆవిడ సొమ్మసిల్లే స్థితిలో ఉంది. నర్సమ్మ తలుపేసుకుంది. బాబాయి గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అతనికి పోటీగా రాగల గొంతే.

అక్కడ మైదానంలో ముల్లు జర్రున జారి సున్నా దగ్గర ఆగింది. డైరెక్టరుగారు డయలును రెండుసార్లు తట్టి చూశారు. మంత్రిగారు మాత్రం మైకు అందుకున్నారు.

"చూశారా! గంట కిందట డెబ్బై. ఇప్పుడు సున్నా! ఇంత వేగంగా గాయం మాన్పిన ప్రభుత్వం ప్రపంచంలో ఉందా?"

చప్పట్ల మోత బండి వైర్‌లెస్‌లోంచి బాబాయిదాకా వచ్చింది. ఆ వెనకే డైరెక్టరుగారి గొంతు, మహా ప్రేమగా.

"బాబాయ్, తల్లీబిడ్డా క్షేమమేగా? సంతోషం. రేపు పక్క ఊళ్ళో కొలత ఉంది. నువ్వే రావాలని మంత్రిగారి కోరిక. అక్కడికి రాగానే మాత్రం, బండి తాళాలు నా చేతికిచ్చెయ్."