శిలాఫలకం మీద సున్నా

మనుషులకి పేర్లు పెట్టడం ఇక మానెయ్యాలి!

అక్షరం అంటేనే తగాదా. అంకె అలా కాదు. రెండు కన్నా మూడు పెద్దదంటే రెండు ఎప్పుడైనా అలిగిందా? మూడు ఇంటి మీదకి గొడవకెళ్లిందా? అందుకే చెబుతున్నాను, అక్షరాలని అంకెలుగా మార్చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ మానవజాతికి దొరికిన వరం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. నా పేరు విజయ్ కుమార్. తిరువూరులో మా చర్చి కమిటీకి సెక్రటరీని. అనుభవం మీద చెబుతున్నాను.

చర్చికి కొత్త కమ్యూనిటీ హాలు కట్టుకున్నాం. గోడలు లేచాయి, స్లాబు పడింది, ఫ్యాన్లు తిరిగాయి. తీరా శిలాఫలకం దగ్గర బండి ఆగిపోయింది. ఎవరి పేరు ముందుండాలి? కమిటీలో ఉన్నది నలుగురం. సంఘ పెద్ద రాయప్పగారిది వయసు. లెక్కల మాస్టారు సురేష్ బాబుది చదువు. కండక్టర్ లాజరుది గొంతు. నాది వినయం. ఇన్ని సుగుణాలు ఒక్క రాయి మీద ఎలా సర్దుకుంటాయి? ప్రతి మీటింగూ ప్రార్థనతో మొదలై కుర్చీలు తన్నేసి వెళ్లిపోవడంతో ముగిసేది. ప్రారంభోత్సవం వాయిదాల మీద వాయిదాలు పడింది. ఈలోగా హాల్లో పావురాలు గృహప్రవేశం చేసేశాయి.

అప్పుడు దేవుడు గ్లోరిని పంపాడు. డిగ్రీ చదువుతూ, సెల్‌ఫోన్లో వీడియోలు చూసి జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్న పిల్ల. తను రాసిన మొట్టమొదటి ప్రోగ్రామ్ చూపించింది. పేరు కొడితే చాలు. ఎ అయితే ఒకటి, బి అయితే రెండు, జెడ్ అయితే ఇరవై ఆరు. అన్నీ కూడి ఒక అంకె ఇస్తుంది. పెద్ద అంకె వచ్చినవాళ్ల పేరు ముందు! బంధుప్రీతి లేదు, మొహమాటం లేదు, "నేనెవరో తెలుసా" లేదు. "ప్రోగ్రామ్ ఇచ్చిన అంకెల ప్రకారమే రాయి చెక్కించాలి" అని నేనే తీర్మానం రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను.

నాకు నూట ముప్పై ఒకటి వచ్చింది. సైన్సంటే ఇదీ!

మాస్టారికి పెళ్లిలో చదివింపుల్లాగా నూట పదహార్లు. లాజరుకి డెబ్బై తొమ్మిది. రాయప్పగారికి డెబ్బై ఎనిమిది. ఒక్క అంకె తేడాతో కండక్టర్ కింద పడ్డారాయన!

"నేను బాప్తిస్మం తీసుకున్ననాటికి ఈ లాజరు పుట్టనే లేదు. వీడి కిందా నేను?" అని గుండె పట్టుకున్నారు.

"తాతగారూ, పేరు మధ్యలో ఇంకో వై పెట్టుకోండి. ఇరవై ఐదు కలుస్తాయి," అని గ్లోరి ఓదార్చింది. పెట్టుకున్నారు. కొత్త స్పెల్లింగుకి పాస్టర్ గారి చేత ప్రార్థన కూడా చేయించుకున్నారు. ఇది చూసి మాస్టారు తన డిగ్రీలన్నీ పేరుకి తగిలించబోయారు. డిగ్రీలు చెల్లవని అప్పటికప్పుడు ఇంకో తీర్మానం రాశాను. నా నూట ముప్పై ఒకటికి ముప్పు వస్తే సైన్సు ఏం కావాలి?

అంతా సర్దుకుందనుకుంటుండగా గ్లోరి అడిగింది: "మరి మా అమ్మమ్మ పేరండీ?"

వాళ్లమ్మమ్మ జోజమ్మ. పెనుగొలను దాకా మిరపకోతలకెళ్లి, కూలి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న జాగాని చర్చికి రాసిచ్చేసింది. హాలు లేచింది అందులోనే. స్థలం ఇచ్చినవాళ్లు వేరు, కమిటీ వేరు అని మేం నలుగురం జీవితంలో మొదటిసారి ఏకగ్రీవంగా అన్నాం.

"ప్రోగ్రామ్ అందరికీ ఒకటే అన్నారుగా?"

సరే, కొట్టమన్నాం. జోజమ్మకి రాయడం వచ్చింది తన పేరొక్కటే, అదీ తెలుగులో. గ్లోరి కూడా తెలుగులోనే కొట్టింది.

పద్దెనిమిది వేల మూడు వందల నలభై ఎనిమిది!

"తెలుగక్షరాలకి కంప్యూటర్లో నంబర్లు మూడు వేల పైనుంచే ఉంటాయండి," అంది గ్లోరి. మాతృభాష గొప్పదని నేనూ మైకు దొరికినప్పుడల్లా చెబుతూనే ఉంటాను. అంతమాత్రాన నిజంగా గొప్పదైపోతే ఎలా?

"ఇంగ్లీషు కాని అక్షరానికి సున్నా వెయ్యమ్మా," అన్నాను. గ్లోరి ప్రోగ్రామ్‌లో ఒక్క లైను కలిపింది. జోజమ్మ సున్నాకి దిగింది. చూశారా టెక్నాలజీ! పూర్వం ఒక ఆడమనిషి పేరు రాయి ఎక్కకుండా చెయ్యాలంటే మగాళ్లు ఎన్ని మీటింగులు పెట్టుకోవాలి, ఎన్ని టీలు తాగాలి? ఇప్పుడు ఒక్క లైను!

మా పేర్ల ముందు ఒకటి నుంచి నాలుగు దాకా వరస నంబర్లు వేసి, జోజమ్మ పేరు ముందు ఆ వచ్చిన సున్నానే వేసి, గ్లోరి కాగితం తెచ్చింది. నవ్వుకుంటూ సంతకాలు పెట్టాం. సున్నా పక్కన పేరుంటే ఎంత, లేకుంటే ఎంత? కాగితం రాయి చెక్కే హుమాయున్‌కి వెళ్లింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ తెర లాగాం. అన్నిటికంటే పైన, తెలుగులో, సున్నా చుట్టి జోజమ్మ! ఆ కింద ఒకటి వేసి నేను, ఇంగ్లీషులో.

"ఇదేంటయ్యా?" అని రాయప్పగారు హుమాయున్ మీదకి లేచారు.

"సున్నా తర్వాతే కదండీ ఒకటి! మీరు సంతకాలు పెట్టిన అంకెల ప్రకారమే చెక్కాను," అన్నాడతను.

"జావాస్క్రిప్ట్‌లో కూడా లిస్టు సున్నాతోనే మొదలవుద్దండి," అని గ్లోరి అందుకుంది. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

జోజమ్మ మెల్లగా వచ్చి రాయి మీద తన అక్షరాలని వేలితో తడిమింది. "ఇది నేనేనే!" అంది మనవరాలితో. కళ్లు తుడుచుకుని, వేలు కిందకి జరిపి, "ఈ ఇంగ్లీషోళ్లెవరే?" అని అడిగింది.

నేను ఊరుకుంటానా? సాయంత్రమే హాల్లో అర్జంటు మీటింగు పెట్టాను. అంకెకి ఎడమపక్కనున్న సున్నాకి విలువ లేదని లెక్కల మాస్టారు సర్టిఫై చేశారు. అలాంటి పనికిరాని సున్నాని వెంటనే తీయించెయ్యాలని నేను తీర్మానం మొదలుపెట్టాను. 'మన హాలు స్థలంలో' అనే దాకా రాసి, పెన్ను మూసేశాను.

మా నాలుగు కుర్చీల కిందా ఉన్నది ఆ సున్నా ఇచ్చిన నేలే.