రెండో అంతస్తులో ఆగిన కుర్చీ

ఆ ఉదయం పదింటికల్లా కుర్చీని కిందికి దించాలన్నది ఎవరిస్తో, డెల్ఫీనా దంపతుల పథకం. ఇద్దరూ ఆర్కిటెక్టులు, మిలాన్‌లో ఒక పాత భవనం నాలుగో అంతస్తులో కాపురం, అక్కడే ఆఫీసు. వంచిన చెక్క, నల్లతోలు, అడుగున చక్రాలు: రెండేళ్ళు కష్టపడి చేసిన రాతబల్ల కుర్చీ అది. చూడ్డానికి వస్తున్న ఫ్యాక్టరీ యజమాని కొల్నాగికి లిఫ్టంటే భయం, మెట్లంటే మోకాళ్ళ నొప్పి. అందుకని కుర్చీయే దిగాలి.

"ఈసారైనా ఆయన్ని ముందు కూర్చోనియ్యి. ఉపన్యాసం మొదలెట్టకు," అంది డెల్ఫీనా. అంతకు ముందు ఇద్దరు యజమానులు ఎవరిస్తో వివరణ సగంలో ఉండగానే టోపీలు అందుకుని వెళ్ళిపోయారు. ఈ బేరం కూడా తప్పితే సోమవారం నుంచి ఆమె బళ్ళో డ్రాయింగు పాఠాలకు పోవాలి.

"చెప్పకపోతే వెన్నెముక సంగతి ఆయనకెలా తెలుస్తుంది?"

"ఆయనకీ ఒకటుందిగా!" అని ఆమె కొల్నాగికి ఎదురెళ్ళింది.

ఆ లిఫ్టులో కుర్చీ పడితే మనిషి పట్టడు. ఎవరిస్తో కుర్చీని లోపలికి నెట్టి, కిందికి పంపి, మెట్లమీద పరుగందుకున్నాడు. రెండో అంతస్తు దగ్గర జారి గడ్డం కొట్టుకుంది. తలెత్తి చూస్తే లిఫ్టు అక్కడే ఆగి ఉంది, లోపల ఖాళీ. ఆ అంతస్తులో కొత్తగా దిగిన పళ్ళ డాక్టరు పిరోవానో కుర్చీని తన గదిలోకి దొర్లించుకుపోతున్నాడు.

"నేనడిగిన కుర్చీ వారం ఆలస్యమైనా మంచిదే పంపారు!" అని మురిసిపోతున్నాడాయన.

ఎవరిస్తో దవడ పట్టుకుని వెంటపడ్డాడు. "అయ్యా, ఆగండి!"

"రండి, రండి. పదింటి పేషెంటు మీరేగా? ఏదో ఒక సాకు చెప్పి జారుకుంటారని మీ ఆవిడ ఫోన్లో చెప్పింది."

"నేను పేషెంటుని కాదు! కుర్చీ కోసం వచ్చాను!"

"అదిగో, ఆ పెద్ద కుర్చీ మీకోసమే. కూర్చోండి. ఊఁ, నోరు తెరవండి."

వివరించడానికే ఎవరిస్తో నోరు తెరిచాడు. చిగుట్లో మత్తుసూది దిగింది. అతను పెట్టిన కేక కింద వాకిలిదాకా వినబడింది.

డెల్ఫీనా ఒక్క ఉరుకున వచ్చింది. వెనకే, మోకాళ్ళ మాటే మరిచిపోయి, కొల్నాగి ఆయాసపడుతూ వచ్చి, కనబడ్డ కుర్చీలో కూలబడ్డాడు. అది వాళ్ళ కుర్చీయే.

ఎవరిస్తో వివరించబోయాడు. "బ్బె... వ్వె..." అన్నాడు. నాలుక దుంగలా పడి ఉంది.

"వెనక్కి వాలొచ్చా అమ్మాయ్?" అడిగాడు కొల్నాగి.

"వాలండి."

వాలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయాసం తగ్గింది, అయినా లేవలేదు.

"ఏమండీ, లేవండి!" పిరోవానో మీదికొచ్చాడు. "అది నా కుర్చీ!"

"కాదు డాక్టరుగారూ, మాది. మేం తయారు చేసిందే," అంది డెల్ఫీనా. "మీరు సూది పొడిచింది మా ఆయనకే."

డాక్టరు తెల్లబోయాడు. క్షమాపణ చెప్పాడు. కుర్చీని మాత్రం వదల్లేదు. "ఎంతైనా ఇస్తాను. నాకే ఉంచండి," అంటూ కుర్చీ వీపు పట్టుకుని లాగాడు.

కొల్నాగి కుర్చీ చేతుల్ని మరింత గట్టిగా పట్టుకున్నాడు. "ఇంకోటి చేయించుకోండి. ఇకనుంచి ఇవి నా ఫ్యాక్టరీలోనే తయారవుతాయి!"

మధ్యాహ్నం రెండున్నరకు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఎవరిస్తోకు మాట వచ్చేసరికి మూడయింది.