ధవళం గారి పుట్టుక చట్టం

పెద్ద అడవే అది. ఒక చివర వాన పడితే రెండో చివర వాళ్లకి కబురుగా మాత్రమే తెలిసేంత పెద్దది. అంత అడవికీ న్యాయం దొరికేది ఒక్క చోటే, ఏనుగమ్మ కొలువులో. తీర్పు చెప్పడం ఆడ ఏనుగుల పని. ఆమె ఎదుట వాదన రాయి ఎక్కి వాదించడం మగవాళ్ల పని. ఎందుకలా అంటే ఎవరికీ తెలియదు, ఎప్పటినుంచో అంతే.

ఆ రాయి మీద పేరు మోసినవాడు కొంగ వకీలు ధవళం గారు. ఒంటికాలి మీద నిలబడి, మెడ సాచి, "మన పూర్వీకులు..." అని ఎత్తుకుంటే ఎదుటి పక్షం వకీలు కూడా తల ఊపేసేవాడు. అలాంటి ధవళం గారు కేసు ఓడిపోయారు.

అది తురాయి అనే అడవికోడి కేసు. తురాయిని ఇంట్లో పెట్టపిల్ల అనుకునే పెంచారు. ఈకలు ముదిరాక తను, "నేను పెట్టను కాను, పుంజుని" అన్నాడు. తెల్లవారగానే కూత కూశాడు. కూత ఖంగుమందని పెద్దల సభ వాళ్లే పిలిచి తొలికూత ఉద్యోగం ఇచ్చారు. తర్వాత ఎవరో, "వాడు పెట్టగా పెరిగాడు" అని చెవిన వేశారు. సభాపతి ఎలుగుబంటి భల్లూకయ్య ఉలిక్కిపడి ఉద్యోగం ఊడబెరికాడు. తురాయి ఏనుగమ్మతో మొరపెట్టుకున్నాడు, సభ తరఫున ధవళం గారు రాయి ఎక్కారు.

"కూతలో తప్పుందా?" అని ఏనుగమ్మ అడిగింది.

"కూత బాగానే ఉందమ్మా. కూసేవాళ్లతోనే చిక్కు," అన్నారు ధవళం గారు.

"ఇదే కూత ఇంకో గొంతులోంచి వస్తే తీసేసేవారా?"

ధవళం గారు రెండో కాలు కూడా కింద పెట్టారు.

"అయితే మీరు చూసింది పని కాదు, అతనెవరో చూశారు. అది వివక్ష. ఉద్యోగం తిరిగి ఇచ్చేయండి," అని ఏనుగమ్మ చెవులు విసిరి లేచింది.

ఆ సాయంత్రం ధవళం గారికి చేప సయించలేదు. భల్లూకయ్య రొప్పుకుంటూ వచ్చాడు.

"వకీలు గారూ, పరువు పోయింది. తురాయి పుంజు కాదని ఒక్క ముక్క చట్టం చేసి పారేద్దామా?"

"అదే వద్దు సభాపతిగారూ. తురాయి మీద కక్షతో రాశారంటుంది ఆవిడ. అందరికీ వర్తించేలా రాద్దాం. అందరికీ ఒకటే రూలయితే ఇక వివక్ష ఎక్కడిది?" ధవళం గారి మెడ మళ్లీ నిటారుగా లేచింది. తన తెలివి తనకే ముద్దొచ్చింది.

చెరువు గట్టున ముక్కుతో ఈకలు దువ్వుకుంటున్న భార్య శ్వేతమ్మ ఇటు తిరిగింది. "ఏవండీ, అందరిలో మనం కూడా ఉంటాంగా?"

"చట్టం సంగతి నీకు తెలీదులేవే," అన్నారాయన.

చట్టం వచ్చింది. పుట్టిన క్షణంలో ఆడో మగో ఏదైతే, బతికినంతకాలం అదే. ఆడవాళ్ల ఉద్యోగాల్లో, మగవాళ్ల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఆ సంగతిని కళ్లారా చూసిన సాక్షితో రుజువు చేసుకోవాలి. తన మాట తనకు సాక్ష్యం కాదు. "అందరికీ తెలుసు" అనడం అసలే కాదు.

అమలు చేసే పని ఉడుముకి ఇచ్చారు. పట్టుకుంటే వదలని అధికారి కావాలని ధవళం గారే ఏరి మరీ పెట్టించారు.

ఉడుము ముందుగా తురాయి తల్లిని పిలిచింది.

"పుట్టినప్పుడు ఆడా, మగా?"

"తడిసిన దూది ఉండలా ఉన్నాడు బాబూ. పక్కగూటామె పెట్ట అంది, నేనూ పెట్టే అనుకున్నా. వాడి మనసులో ఏముందో వాడు చెప్పాకే కదా నాకు తెలిసింది!"

"అంటే చూడలేదు. సాక్ష్యం లేదు," అంది ఉడుము. తిరిగొచ్చిన ఉద్యోగం మళ్లీ పోయి, తురాయి కూత కూసే కొమ్మ దిగి, తల్లి పక్కన నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఉడుము అక్కడితో ఆగుతుందా? కాకుల్ని అడిగింది, గోరింకల్ని అడిగింది. పైకి ఆడా మగా ఒకేలా ఉండే జాతులన్నీ బిక్కమొహం వేశాయి. రుజువు లేక గుడ్లగూబల రాత్రి కాపలా ఆగిపోయింది. కూత లేక అడవి పొద్దెక్కాక లేస్తోంది. అంతా కొద్దిరోజుల ఇబ్బందేనని ధవళం గారు సర్దిచెబుతుండగా, ఉడుము వచ్చి వాదన రాయికి అడ్డంగా పడుకుంది.

"తమరి రుజువు?"

"నేను మగవాణ్ణని అడవంతటికీ తెలుసు!"

"అది సాక్ష్యం కాదని రాశారండి."

"మా అమ్మ పోయి చాలా కాలమైంది. శ్వేతా, నువ్వు చెప్పవే!"

శ్వేతమ్మ నవ్వు ఆపుకుంది. "నేను పుట్టుక చూడలేదండీ. మగవాణ్ణని మీరన్నారు, నేను నమ్మాను. మన జాతిలో ఎవరికైనా అంతకంటే ఏం తెలుస్తుంది?"

"నేనేమిటో నేను చెబుతున్నాను కదయ్యా! నాకంటే ఎవరికి తెలుస్తుంది?" అని అరిచారు ధవళం గారు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఒక్క క్షణం చుట్టూ చూశారు.

ఉడుము మాత్రం కదల్లేదు.

ఏనుగమ్మ పుట్టుకని కళ్లారా చూసిన అమ్మమ్మలు మందలోనే ఉన్నారు కాబట్టి, ఆమె కొలువు మళ్లీ కూడింది. రాయి ఖాళీగా ఉంది. రుజువైన మగవాడు ఒక్కడూ లేడు మరి. అందరూ కింద బురదలోనే నిలబడ్డారు. ధవళం గారి తెల్లని ఈకలకి బురద అంటుతోంటే, పక్కనున్న తురాయి కాస్త జరిగి పొడి చోటు ఇచ్చాడు. ధవళం గారు మొహమాటపడుతూనే నిలబడ్డారు.

"పోయినసారి తమరే ఇచ్చిన ఆ గొప్ప తీర్పు ప్రకారం..." అని మొదలుపెట్టారు.

"ఆ తీర్పు తప్పించుకోడానికేగా మీరు ఈ చట్టం రాసింది?" అంది ఏనుగమ్మ.

"అర్థం కావడం కాస్త ఆలస్యమైందమ్మా."

కొలువంతా గొల్లుమంది. ఏనుగమ్మ చట్టాన్ని కొట్టేసింది. తురాయి ఉద్యోగం తురాయికి, రాయి ధవళం గారికి. ఇక మీదట ఆ రాయి ఎవరైనా ఎక్కవచ్చని కూడా చెప్పేసరికి, శ్వేతమ్మ రాయి కొలత చూసుకుంటూ ఒకసారి చుట్టూ తిరిగింది.

మర్నాడు తురాయి కూత విని అడవి వేళకి లేచింది. "బాగానే కూస్తాడు, కాదనను," అని ధవళం గారు భార్యతో గొణిగారు.

ఇంతలో భల్లూకయ్య పొదల్లోంచి తొంగి చూశాడు. "వకీలు గారూ, ఇంకేమైనా దారుందంటారా?"

ధవళం గారు నెమ్మదిగా ఒక కాలు పైకి మడిచారు.

నీతి: చట్టం ముందు అందరూ సమానమే, కాబట్టి రాసేవాడు ముందుగా తన పేరు మినహాయించుకోవాలి.