కుర్చీలాయన కిరీటం ఖాతా

ఆ రోజు పొద్దున్న కుర్చీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. బ్యాంకు తెరవగానే వెళ్లి డబ్బు కట్టడం, మర్నాడు తెరవగానే వెళ్లి అదే డబ్బు తీసుకోవడం. మధ్యలో ఒక్క రాత్రి ఆ డబ్బు ఆయన ఖాతాలో పడుకుని లేస్తే చాలు, దానికి అంతకు మించి పనేమీ లేదు.

ఆయన సభలకీ ఫంక్షన్లకీ కుర్చీలు అద్దెకిస్తాడు. అన్నీ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలే, ప్రతి కుర్చీ వీపు మీదా తెల్ల రంగుతో దుకాణం పేరు ఉంటుంది. ఆ పేరు వాళ్ల నాన్నది. నాన్న కాలంలో బండి లేదు. మడత కుర్చీలు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ మోశాడు. మోసిన ఇళ్లలో ఏ ఒక్కరూ ఆయన్ని కూర్చోమనలేదు. సభ అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడి, అందరూ లేచాక కుర్చీలు మడుచుకుని వచ్చేసేవాడు. అందుకే దుకాణం పేరున బ్యాంకులో కరెంటు ఖాతా తెరిచి, చెక్కు మీద నాన్న పేరు అచ్చులో చూసుకున్నప్పుడు కొడుక్కి నేల మీద కాళ్లు ఆనలేదు. చెక్కుబుక్కు వీధంతా తిప్పి చూపించాడు. మొదటి చెక్కు చింపడానికి మనసొప్పక దాన్ని అలాగే ఉంచేసి, రెండోదానితో మొదలుపెట్టాడు.

చిక్కల్లా ఆ ఖాతాలో ఉండాల్సిన కనీస నిల్వతోనే వచ్చింది. అది లేకపోతే బ్యాంకు నెలనెలా రుసుము కోస్తుంది. కుర్చీల వ్యాపారంలో డబ్బూ కుర్చీల్లాంటిదే, ఇంటి పట్టున ఉండదు. డబ్బు తక్కువుందని బ్యాంకు కొంత కోసేది. కోశాక ఇంకా తక్కువయ్యేది. తక్కువైందని మళ్లీ కోసేది. లక్షలున్నవాడి జోలికి పోకుండా, లేనివాడి దగ్గరే లేనందుకు వసూలు చేసే ఈ పద్ధతి కనిపెట్టినవాడెవరో గాని గట్టివాడే అనుకునేవాడు కుర్చీలాయన.

"ఏమండీ, ఆ ఖాతా మూసేసి రండి. పీడ వదులుతుంది" అనేది భార్య.

"నాన్న పేరు మూసేసి రమ్మంటావా?" అనేవాడు ఆయన. దాంతో ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇలాంటప్పుడు ఆయనకి తన వృత్తి రహస్యం గుర్తొచ్చింది. సభకి జనం పలచగా వస్తే, ముఖ్య అతిథి కారు దిగే వేళకి ఆయన తన బంధువర్గాన్ని ముందు వరసల్లో కూర్చోబెట్టేస్తాడు. అతిథి నిండు సభ చూసి మురిసిపోతాడు, మాట్లాడతాడు, కారెక్కుతాడు. బంధువర్గం ఇళ్లకి పోతుంది. బ్యాంకు కూడా ముఖ్య అతిథి లాంటిదేననీ, నెలాఖరున ఒక్కసారి ఖాతాలోకి తొంగి చూసి పోతుందనీ ఆయన నమ్మకం. కాబట్టి ఆ నెలాఖరున బంధువుల డబ్బు తెచ్చి ఖాతాలో కూర్చోబెడదామనుకున్నాడు.

ఇంటి పైకప్పు కోసం అక్క దాచుకున్నదీ, మోటారు సైకిలు కోసం బామ్మర్ది దాచుకున్నదీ పోగుచేశాడు. బామ్మర్ది నవ్వుతూనే ఇచ్చాడు. అక్క మాత్రం మూట వదలకుండా పట్టుకుని, "రేపు మేస్త్రీ పని మొదలుపెడతాడురా తమ్ముడూ. డబ్బు రాకపోతే కప్పు బదులు నిన్నే అడ్డంగా పడుకోబెడతాను" అని చెప్పి మరీ వదిలింది.

బ్యాంకులో ఇన్నేళ్లలో ఎప్పుడూ తలెత్తి చూడని కౌంటరు అమ్మాయి ఆ రోజు డబ్బు చూసి, ఆయన మొహం చూసి, లోపలికి ఏదో సైగ చేసింది. అద్దాల గదిలోంచి మేనేజరు స్వయంగా బయటికి వచ్చి ఆయన్ని లోపలికి తీసుకెళ్లాడు.

"కూర్చోండి సార్" అన్నాడు.

జీవితమంతా ఊళ్లోవాళ్లని కూర్చోబెట్టిన మనిషిని ఎదుటివాళ్లు కూర్చోమనడం అదే మొదలు. ఆ కుర్చీ మెత్తగా ఉంది, గుండ్రంగా తిరుగుతోంది. గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్న కళ్లముందు మెదిలాడు. అక్కడితో ఆయన బుర్ర పనిచేయడం మానేసింది. వ్యాపారం బాగా పెరిగినట్టుందే అని మేనేజరు అడిగితే, ఏదోలెండి అంటే సరిపోయేది. "ఇది ఒక మూల సొమ్మండీ" అనేశాడు. మిగతా మూలలు చూడటానికి సాయంత్రం ఇంటికి వస్తానన్నాడు మేనేజరు. వచ్చేయండన్నాడు మన కుర్చీలాయన, ఆ కుర్చీలోనే ఒకసారి గుండ్రంగా తిరిగి.

ఇంటికొచ్చి చెప్పగానే భార్య తలపట్టుకుంది. వచ్చే పెద్దమనిషిని కూర్చోబెట్టడానికి ఇంట్లో ఒక్క కుర్చీ లేదు. కుర్చీలన్నీ పక్క వీధి బడి వార్షికోత్సవంలో ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఎప్పుడూ చాపల మీదే. రెండు మంచి కుర్చీలు తెమ్మని బామ్మర్దిని బడికి పరుగెత్తించారు. మంచివంటే వేదిక మీద ఉండేవేనని అతనికి తెలుసు. ఎవర్నీ కదపడం ఎందుకని, హెడ్మాస్టరు ప్రసంగించడానికి లేచినప్పుడు ఆయన కుర్చీనే, పక్కదానితో కలిపి, వెనకనుంచి పట్టుకొచ్చేశాడు. హెడ్మాస్టరు ప్రసంగం ముగించి హుందాగా నేల మీద కూర్చున్నాడు. ఆయన ప్రసంగానికి పిల్లలు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టడం ఆ బడి చరిత్రలో అదే ప్రథమం.

బామ్మర్ది కుర్చీలు నెత్తిన పెట్టుకుని పరుగు, వెనక బడి బంట్రోతు పరుగు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. కుర్చీలాయన ఇంటికి బ్యాంకువాళ్లు వస్తున్నారన్న కబురు అప్పటికే వీధిలో తిరుగుతోంది. ఆ కబురునీ ఈ పరుగునీ కలిపి చూసుకున్న వీధికి సంగతి స్పష్టంగా అర్థమైపోయింది. పాపం, ఇల్లు జప్తు చేస్తున్నారు, దొరికిన సామాను దొరికినట్టు దాటించేస్తున్నారు. ఆ సంగతి అక్క చెవిన పడ్డప్పుడు ఆవిడ మేస్త్రీతో మాట్లాడుతోంది. మాట మధ్యలో వదిలేసి బయల్దేరింది.

మేనేజరు వచ్చేసరికి అక్క ఒక కుర్చీ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడ మీకేమీ దొరకదు" అంది. "బ్యాంకులో పడ్డ డబ్బు మా వాడిది కాదు. అందులో నాది ఇంటి మీదకి, ఇంకోడిది మోటారు సైకిలుకి. అవి ముట్టుకున్నారంటే బాగుండదు."

జప్తు మాట మేనేజరుకి తెలియదు కదా. ఆయనకి వినపడింది వేరు. అక్కగారు మేడ కట్టిస్తున్నారు, ఒకరు వాహనం కొంటున్నారు, కుటుంబమంతా ఒకే ఖాతాలో వేస్తోంది. ఇంత నిబ్బరంగా గుమ్మంలో కూర్చున్న ఆవిడ వెనక ఇంకెంత ఉందోనని ఆయన కళ్లు మెరిశాయి. వెంటనే సంచిలోంచి కాగితాలు తీశాడు. ఇలాంటి కుటుంబానికి మామూలు ఖాతా నామోషీ అన్నాడు. వీళ్లకి తగింది కిరీటం ఖాతా అన్నాడు. చెక్కుబుక్కు అట్ట బంగారు రంగులో ఉంటుందనీ, దాని మీద దుకాణం పేరు పెద్ద అక్షరాల్లో వేస్తారనీ చెప్పాడు. అక్క మళ్లీ నోరు తెరవబోతోంది. కుర్చీలాయన చదవకుండానే చూపించినచోటల్లా సంతకం పెట్టేసి, మేనేజరుని వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు.

మర్నాడు బ్యాంకులో కథ అడ్డం తిరిగింది. డబ్బు తీయగానే కౌంటరు అమ్మాయి మర్యాదగా రెండు సంగతులు చెప్పింది. ఒకటి, బ్యాంకు చూసేది నెలంతటి సగటట, ఒక్క రాత్రి ఉండి పోయే చుట్టాలు లెక్కలోకి రారట. రెండోది, కిరీటం ఖాతాకి కనీస నిల్వ పాతదానికి ఎన్నో రెట్లు, లేకపోతే పడే రుసుము కూడా అన్ని రెట్లు. అయినా కుర్చీలాయన, వెనకే నిలబడ్డ అక్క డబ్బు అక్కకీ, బామ్మర్ది డబ్బు బామ్మర్దికీ అక్కడికక్కడే చేతిలో పెట్టాడు. ఇచ్చిన మాట తప్పడం ఆ ఇంటా వంటా లేదు. తరవాత తలెత్తుకునే అద్దాల గదిలోకి నడిచాడు. ఈసారి ఎవరూ కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"ఆ డబ్బు నాది కాదండీ. మీరు చూసిపోతారని తెచ్చి కూర్చోబెట్టాను. ఖాతా మూసేయండి" అన్నాడు. "ఒక్క చెక్కు మాత్రం నాకు వదిలేయండి. దాని మీద మా నాన్న పేరుంది."

మేనేజరు మొహం తెల్లబోయింది. లేచి తలుపు మూసి వచ్చాడు. ఖాతా మూయడానికి వీల్లేదన్నాడు. పైఆఫీసు పెద్దాయన ఎల్లుండి వస్తున్నాడు, కిరీటం ఖాతాదారులందరినీ సభలో కలుసుకుంటానన్నాడు. ఈ శాఖ కిరీటాలతో కిటకిటలాడుతోందని మేనేజరు ఏడాదిగా పైకి రాస్తూ వచ్చాడు. నిజానికి ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కడూ ఎదురుగా కూర్చుని ఖాతా మూసేయమంటున్నాడు.

"అయితే మీరూ కూర్చోబెట్టారన్న మాట" అన్నాడు కుర్చీలాయన.

మేనేజరు తల వంచుకున్నాడు. "ఒక్క గంట సభ నిండుగా కనిపించాలి. మీవల్ల అవుతుందా?"

ఆ మాటతో కుర్చీలాయన ఛాతీ మళ్లీ యథాస్థానానికి వచ్చింది. అవుతుందా అని అడగాల్సింది ఆయన్ని కాదు. పాత ఖాతా పాతగానే తిరిగి రావాలన్నాడు, దాని మీద ఇకముందు రుసుము పడకూడదన్నాడు. మేనేజరు రెంటికీ ఒప్పుకున్నాడు. కుర్చీలకి అద్దె, బండి ఖర్చు, మామూలే.

"మా దగ్గరా చిన్నచిన్న రుసుములు ఉంటాయండీ" అన్నాడు కుర్చీలాయన లేస్తూ.

"ఉండనివ్వండి, ఉండనివ్వండి" అన్నాడు మేనేజరు. ఘనంగా కనిపించాలని, వచ్చే జనానికన్నా రెండు వరసలు ఎక్కువే వేయమన్నాడు కూడా.

సభ రోజున వీధి మొత్తం తరలివచ్చింది. మంగలి, పంక్చర్లు వేసేవాడు, ఇస్త్రీ ఆవిడ, అందరూ నెలనెలా అదే బ్యాంకుకి లేనందుకు కట్టుకుంటున్నవాళ్లే. ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని, తలలు నున్నగా దువ్వుకుని, ఎర్ర కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. మొదటి వరసలో అక్క. పెద్దాయన కళ్లు చెమర్చాయి. మీరే ఈ బ్యాంకుకి కిరీటాలు అన్నాడు. అందరికన్నా ముందు అక్కే చప్పట్లు కొట్టింది, ఆవిడ ఇంటికి కప్పు పడుతోంది మరి.

అలవాటుకొద్దీ గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్చీలాయన మీద పెద్దాయన చూపు పడింది. "మీరు నిలబడ్డారేం, కూర్చోండి" అన్నాడు మైకులోనే. కుర్చీలాయన ముందు వరసలోకి నడిచి వచ్చి, అందరూ చూస్తుండగా, నాన్న పేరుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అంత గర్వం ఆయన ఎన్నడూ ఎరగడు. పెద్దాయన వెళ్లిపోయాక కూడా కాసేపు లేవలేదు.

మర్నాడు బిల్లు బ్యాంకుకి చేరింది. అద్దె ఉంది, బండి ఖర్చు ఉంది, వాటి కింద చివరి రెండు వరసల్లో కనీస జనం లేనందుకు రుసుము కూడా ఉంది. మేనేజరు రెండుసార్లు చదువుకుని, ఎదురుగా దర్జాగా కూర్చున్న కుర్చీలాయన వైపు చూసి, పెన్ను మూత తీశాడు.

ఆ నెల కనీసం లేనందుకు రుసుము ఒక్కటే పడింది, అదీ బ్యాంకే కట్టుకుంది.