భోజనపుబల్లపై పింగు పలికిన విధంబు

సకల సోమరిజన మనోహరంబగు శ్రీమదాదివార సాయంసమయంబున, ఒక మూడవ అంతస్తు ఇంటియందు, ఆరిన బట్టలు మడతపెట్టు దిక్కులేక కుర్చీలపై పర్వతాకారంబున పేరుకొనియుండ, పొయ్యిపై కుక్కరు తన మొదటి కూతను దిక్కులు పిక్కటిల్లునట్లు పూరింప, ఆ యింటి ఏకైక భోజనపుబల్లపై ఏ మహాసంగ్రామంబు చెలరేగెనో, దానిని వినువారికి ఓపికయు నాకు ఊపిరియు ఉన్నంతమేర వర్ణించెదను.

ఆ సంగ్రామనాయిక ఆ యింటి కోడలు. ఇంటర్నెట్ కంపెనీ ఫిర్యాదుల కౌంటరునందు హెడ్‌ఫోనే కిరీటంబుగా ధరించి, "ఒకసారి ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యండి సార్" అను ఏకైక మంత్రంబును జపించి జపించి, ఆపినచో ఏమగునో, ఆన్ చేసినచో ఏమగునో తనకే తెలియదని ఒకనాడు గ్రహించి, సిగ్గుతో తల వంచుకొనిన అభిమానధన. అద్దపుతలుపునకు ఆవలనున్న నెట్‌వర్క్ గదిలో ఉద్యోగంబునకు మరునాడే పరీక్ష. రెండు కంప్యూటర్లను స్వహస్తంబున కలిపి మాటాడించి చూపవలయును. ఆ గదిలోకి వెళ్లాలని ఆమెకెంత ఆశో చెప్పడానికి నా సంస్కృతం చాలదు. అందులకై ఆఫీసువారు పారవేసిన రెండు వృద్ధకంప్యూటర్లను, వానిని కలుపుటకై నిరంతరంబు మూలుగుచుండు స్విచ్చను ఒక పెట్టెను, చిక్కుపడిన కేబుళ్ల మూటను మోసికొనివచ్చి, ఆ బల్లపై అభ్యాసశాలను ప్రతిష్ఠించెను.

అయితే ఆ బల్లకు సర్వాధికారిణి అత్తగారు.

"అమ్మాయ్, మూడో కూత వచ్చేలోపు అవి రెండూ మాట్లాడుకున్నాయా, సరే. లేదంటే పాత సామాన్లతను కింద బండి ఆపుకుని ఉన్నాడు, పైకి పిలిచేస్తా. ఎన్నాళ్లని ఒళ్లో కంచాలు పెట్టుకు తింటాం?"

"సరే అత్తయ్యా" అని పిల్లివలె పలికిన ఆ వీరవనిత, యంత్రంబులవైపు తిరిగి సింహంబువలె గర్జించెను: "ఓ జడపదార్థంబులారా! మూరెడు దూరంబున కూర్చుండియు ముఖాముఖి పలుకరించుకొనని మూర్ఖశిఖామణులారా! నేడు మీచేత మాటాడింపనిచో, నేను హెడ్‌ఫోను ధరించుట వృథా, ధరిత్రికి భారంబు!"

ఇట్లు శపథంబు చేసి, శ్రమ తగ్గునని మొదటి కంప్యూటరు సెట్టింగులనే రెండవదానికి పొల్లుపోకుండ ఎక్కించి, రెండవదాని తెరపై కనబడిన అడ్రసు, అనగా దానిని పిలుచు అంకెల వరుస, చూచి, మొదటిదానినుండి పింగాస్త్రంబు సంధించెను. పింగనగా మరేమియు లేదు, ఒక యంత్రము మరొకదానిని "ఉన్నావా?" అని కేకవేయుట, అది "ఉన్నాను" అని పలుకుట.

పలికెను! వరుసగా తెరనిండ పలికెను! కోడలు చేతికందిన గరిటె పైకెత్తి బల్లచుట్టు ప్రదక్షిణంబు చేయుచు, "గెలిచితి! జగత్తు గెలిచితి!" అని ఆర్భాటించుచుండ, రెండవ కూత మ్రోగెను. కంచాలతో వచ్చిన అత్తగారు బల్లక్రిందికి వంగి, ఒక కేబులు కొసను తోకపట్టి పైకెత్తిరి.

"మరి ఈ తాడు ఇలా కింద పడుందేంటే?"

అది రెండవ కంప్యూటరున ఉండవలసిన కొస. గరిటె గాలిలోనే ఆగెను. కోడలు రెండు తెరలను మార్చి మార్చి చూచి, కుర్చీలోని బట్టలగుట్టపై కూలబడెను.

"అయ్యో! రెండింటికీ ఒకే అడ్రస్ ఇచ్చేశాను అత్తయ్యా. దాన్ని పిలుస్తున్నాననుకున్నా. ఇది తనని తనే పిలుచుకుని, తనే పలికింది."

"తనే అడిగి తనే చెప్పుకోడానికి యంత్రాలెందుకే, నేను లేనూ? పొద్దస్తమానం ఈ ఇంట్లో నా పని అదేగా!"

మూడవ కూత కూసెను. కోడలి కన్నులలో నీళ్లు తిరిగెను. అత్తగారు పొయ్యివైపు చూచిరి, కోడలివైపు చూచిరి, పొయ్యి ఆర్పలేదు.

"నాకు చెవులు సరిగా వినబడవు. కానియ్."

అంత కోడలు కొంగు బిగించి, రెండవదాని అడ్రసు చివరి అంకెను మార్చి, క్రిందపడిన కొసను టక్కుమని తగిలించి, ఊపిరి బిగబట్టి కొత్త అడ్రసును పిలిచెను. తెర ఒక్క క్షణంబు నల్లగా నిలిచెను. కుక్కరు నాల్గవ కూత కూసెను. అప్పుడు అవతలి ముసలి కంప్యూటరు, తన జన్మంబున ఎవరును తనను పిలువలేదన్నట్లు, గబగబ బదులు పలికెను. కోడలు ఈసారి కేబులు లాగి చూచెను: మౌనంబు. తగిలించెను: పలికెను. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఏమంటోందే?"

"ఉన్నానంటోంది అత్తయ్యా."

"అంతేనా?"

"అంతే."

అత్తగారు ఒక్క నిమిషము ఆలోచించి, లోపలిగదివైపు తిరిగి పుత్రరత్నంబును పిలిచిరి. "ఒరేయ్! ఉన్నావా?" పలుకలేదు. మరల పిలిచిరి. ఫోనులోని పాట తప్ప మరేమియు వినరాలేదు.

ఇంతలో వీధినుండి పాత సామాన్లతను, "ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని కేకవేసెను.

అత్తగారు బాల్కనీలోకి నడిచి, కమ్మీపై వంగి, "ఉన్నాడొకడు, మనిషే! తీసుకెళ్తావా? యంత్రాలు మాత్రం ఇచ్చేది లేదు!" అని సింహనాదంబు చేసిరి.

ఇట్లు మూరెడు దూరంబును జయించి, ముద్దయిన అన్నంబును ఒళ్లో కంచాలలో వడ్డించుకొని, అత్తాకోడళ్లు విజయోత్సవంబు జరుపుకొనిరి. బల్లపై మాత్రం ఒకటి పిలుచుచుండెను, మరొకటి పలుకుచుండెను.