ఇంటి ధర పెంచిన వీధి

ఆ గురువారం పొద్దున డెరిక్ ఓల్డ్‌రాయిడ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఇంటికి వెల కట్టే మనిషి వస్తాడు. ఆలోపు భార్య గ్లెనిస్‌ని స్కిప్టన్‌లో ఉన్న వాళ్ళక్క ఇంటికి సాగనంపాలి. వచ్చినవాడికి ముందుగదిలో చెమ్మ మరక చూపించి, ఓ కప్పు టీ పోసి పంపేయాలి.

ఇందులో మోసమేమీ లేదు. చెమ్మ నిఖార్సైనది, పదేళ్ళుగా ఉన్నది. మోసమంతా ఇంకోచోట ఉంది. తివాచీల మిల్లులో ఓవర్‌టైమ్ ఎత్తేశారని పెళ్ళానికి చెప్పడానికి నోరు రాక, డెరిక్ మూడేళ్ళుగా ఐదు క్రెడిట్ కార్డుల మీద సంసారం లాక్కొచ్చాడు. అప్పు ముప్ఫై వేల పౌండ్లు దాటాక మిస్ షెప్లీ అనే సలహాదారు కాళ్ళ మీద పడ్డాడు. అప్పులవాళ్ళందరితో కలిపి ఒకే ఒప్పందం రాయిద్దామని, ఐదేళ్ళు నెలనెలా తోచినంత కడితే మిగతాది కొట్టేస్తారని ఆవిడ ధైర్యం చెప్పింది. ఒక్కటే మెలిక.

"ఇంటి ధరలోంచి ఇంటి మీదున్న బాకీ తీసేస్తే మీకెంత మిగులుతుందో చూస్తారండీ. ఐదు వేల లోపైతే ఇంటి జోలికి రారు. అప్పంతా తీరేంత మిగిలితే మాత్రం ఒప్పందం దేనికి, ఇల్లమ్మి కట్టేయమంటారు."

బాకీ తొంభై రెండు వేలు. పక్క వీధిలో చెమ్మ పట్టిన ఇల్లొకటి కిందటేడు తొంభై ఆరుకు పోయింది. డెరిక్ ఆశలన్నీ ఆ మరక మీదే ఉన్నాయి.

కానీ వెల కట్టే మనిషి వస్తున్నట్టు రాసిన ఉత్తరం మంగళవారమే గ్లెనిస్ చేతిలో పడింది. మొగుడు చెప్పకుండా ఈ ఇల్లమ్మి, ఫైలీలో సముద్రం పక్కన చిన్న ఇల్లు కొనబోతున్నాడని ఆవిడ తేల్చేసుకుంది. అడిగితే పోయేది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ సూటిగా ఏదీ అడిగిన పాపాన పోలేదు.

అందుకని ఆ పొద్దున తలనొప్పి అంటూ స్కిప్టన్ ప్రయాణం మానుకున్న గ్లెనిస్, ఎనిమిదింటికల్లా మోకాళ్ళ మీద కూర్చుని వీధి మెట్టు తోముతోంది. తొమ్మిదింటికి ఓవెన్‌లో రొట్టె పెట్టింది, ఇల్లంతా కమ్మగా ఉండాలని. డెరిక్ వెళ్ళి కిటికీలన్నీ తెరిచాడు. ఆవిడ వచ్చి మూసింది. మళ్ళీ తెరిచాడు. ఇంతలో బావమరిది మెల్విన్ పెయింటు డబ్బాతో దిగాడు. చెమ్మను మింగేసే రకమట. డెరిక్ అడ్డుపడేలోపే మరక సగం మాయమైంది.

"దాన్నొదిలెయ్యరా బాబూ," అని బతిమాలాడు డెరిక్.

"నువ్వూరుకో బావా, పైసా తీసుకోనులే," అన్నాడు మెల్విన్. ఎన్నడూ లేని ఉత్సాహం అతనిది.

ఆ వీధిలో మెట్లు శనివారం తోముతారు గాని గురువారం తోమరు. ఎదురింటి బెరిల్ వచ్చి ఆరా తీసింది. గ్లెనిస్ ఆవిడ చెవిలో విషయం ఊదింది. పావుగంటలో వీధంతా తెలిసిపోయింది. డెరిక్ వాళ్ళ మూడో నంబరు ఇల్లు మంచి ధరకు పోతే తమ ఇళ్ళకూ ధర పెరుగుతుందని ఎవరికి మాత్రం తెలియదు? ఏడో నంబరు వాళ్ళ వాకిట్లో రెండేళ్ళుగా నానుతున్న సోఫా లోపలికి పోయింది. తొమ్మిదో నంబరాయన కదలని వ్యానును నలుగురు కలిసి మలుపు దాటించారు. డెరిక్ గుమ్మానికి మూడు పూలబుట్టలు వేలాడాయి. అతను ఒకటి విప్పితే బెరిల్ మళ్ళీ తగిలించి, మొహమాటపడకు నాయనా అని భుజం తట్టింది.

సరిగ్గా పదకొండుకు కారు వచ్చి ఆగింది. అందులోని మనిషి దిగలేదు. అద్దం దించి, ఇంటినీ వీధినీ ఫోటో తీసి, ఏదో రాసుకుని బండి కదిలించాడు. డెరిక్ ఇంటి చెప్పులతోనే వెంట పరుగెత్తాడు.

"లోపల చెమ్మ ఉందండీ! ఒక్కసారి వచ్చి చూడండి."

"అక్కర్లేదండీ, బయటి నుంచి చూస్తే చాలన్నారు," అన్నాడతను. "ముచ్చటైన వీధండీ మీది."

మధ్యాహ్నం మిస్ షెప్లీ ఫోన్ చేసి చెప్పింది: లక్షా ఇరవై ఎనిమిది వేలు. అప్పంతా తీరిపోయేంత మిగులు. డెరిక్ తళతళలాడే మెట్టు మీద కూలబడ్డాడు. గ్లెనిస్ వచ్చి ఎంతన్నారని అడిగింది. చెప్పాడు. ఫైలీ ఎప్పుడని అడిగింది. ఇక ఆగలేక, ఓవర్‌టైమూ, ఐదు కార్డులూ, ఒప్పందమూ, ఇల్లు పోబోతున్న సంగతీ అన్నీ కక్కేశాడు. సిగ్గుతో ఆవిడ మొహం చూడలేకపోయాడు.

ఆవిడ పక్కన కూర్చుంది.

"మెల్విన్ చేపల దుకాణానికి డబ్బెక్కడిదనుకున్నావు?"

"బ్యాంకు ఇచ్చిందన్నావుగా."

"బ్యాంకే ఇచ్చింది. మనిల్లు తాకట్టు పెట్టుకుని ఇచ్చింది. ముప్ఫై రెండు వేలు. కిటికీల గ్యారంటీ కాగితాలని చెబితే, క్రికెట్ చూస్తూ సంతకం పెట్టావు. బెరిల్ సాక్షి."

దుకాణం మూతపడి ఏడాదైంది. అసలు అలాగే ఉంది. నెలనెలా వడ్డీ మాత్రం తమ్ముడూ తనూ కిందామీదా పడి కడుతున్నారు. ఇల్లు తక్కువకు అమ్ముడైతే డబ్బు చాలక ఆ బాకీ బయటపడుతుందని రెండు రోజులుగా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. లోపల మెల్విన్ కుంచె కింద పెట్టి, చప్పుడు చేయకుండా పెరటి దారిన జారుకున్నాడు.

డెరిక్‌కి ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండగా వేళ్ళ మీద లెక్క మొదలైంది. రెండుసార్లు లెక్కపెట్టి మిస్ షెప్లీకి ఫోన్ చేశాడు. ఇళ్ళ మీది బాకీలు రాసే రిజిస్టరు చూసి పది నిమిషాల్లో చెబుతానంది. పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"నిజమేనండీ, రెండో బాకీ ఉంది," అందావిడ. "మీకు మిగిలేది నాలుగు వేలే. ఇక ఆ ఇంటి జోలికి ఎవరూ రారు."

అలా ఓల్డ్‌రాయిడ్ దంపతులకు ఇల్లు దక్కింది, అందులో వాళ్ళదంటూ పెద్దగా ఏమీ లేకపోబట్టి.