అధ్యక్షుడి పక్కన నా నవ్వు

అధ్యక్షుణ్ణి ఆయన చేసిన పనులను బట్టి అంచనా వేసేవాళ్ళంత అమాయకులు ఈ దేశంలో మరొకరు లేరు! పనులకేముంది, ఎవరైనా చేస్తారు. రోడ్డు వేసేవాడు వేస్తాడు, పైపు బిగించేవాడు బిగిస్తాడు. నాలుగేళ్ళపాటు తల మీద ఒక్క వెంట్రుక చెదరకుండా ఉండటం ఎవరివల్ల అవుతుంది? అదీ హెలికాప్టర్ దిగుతూ!

నా మాట నమ్మండి. ఓహియోలోని మిల్లర్స్‌ఫోర్క్ అనే మా చిన్న ఊరి వారపత్రికలో ఇరవై ఏళ్ళుగా కాలమ్ రాస్తున్నవాణ్ణి. వెండెల్ క్రెబ్స్ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. చదివినవాళ్ళు ఉన్నారా అంటే, అది వేరే సంగతి.

ఎన్నికల ప్రచారాన్ని తిట్టుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి. టీవీలో ఫుట్‌బాల్ ఆటకన్నా ప్రకటనలే ఎక్కువైపోయాయట. మా జట్టు ఎలా ఆడుతుందో తెలిసినవాడెవడైనా ఆ మాట అంటాడా? సరిగ్గా భోజనానికి కూర్చోగానే ఫోన్ మోగుతుందట. ఎత్తితే సాక్షాత్తూ అధ్యక్షుడి గొంతు, "ఎలా ఉన్నావు మిత్రమా?" అంటుంది. నా సొంత బావమరిది నన్ను ఆ ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో! దేశాన్నేలే మనిషి పూటపూటా నా క్షేమం కనుక్కుంటుంటే విసుక్కోవడమేమిటండీ?

సరే, పాలన సంగతికే వద్దాం. కిందటి ఎన్నికలప్పుడు ఆయన మా ఊరి ఆసుపత్రి ముందు నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి, "ఈ తలుపులు మూయనివ్వను" అన్నాడు. ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందో! ఆయన గెలిచిన రెండో ఏడే ఆసుపత్రి మూతపడింది. ఫోటో మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు హైవే పక్కన పెద్ద బోర్డు మీద ఉంది. ఆసుపత్రి పేరున్న పలకను మాత్రం ఫోటోలోంచి కత్తిరించేశారు. అదీ మంచిదే, మొహం పెద్దగా కనిపిస్తోంది.

అంతటి మనిషి ఈ అక్టోబరులో మళ్ళీ మా ఊరికి వచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క హోటల్లో ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం తిని, జనంతో కాసేపు ముచ్చటిస్తాడని ముందే కబురొచ్చింది. ఆయన బల్ల దగ్గర ఊరి పాత్రికేయుడికో కుర్చీ వేశారు. ఊళ్ళో మరో పాత్రికేయుడు లేకపోవడం వల్ల ఆ గౌరవం నాకే దక్కింది.

ముందురోజు సాయంత్రం పక్కింటి ఇర్మా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కిడ్నీలు రెండూ పాడై, వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటోంది. ఆసుపత్రి ఉన్నప్పుడు నడిచి వెళ్ళి వచ్చేది. ఇప్పుడు గంటన్నర ప్రయాణం. ఎవరో ఒకరు కారులో దింపాలి.

"వెండెల్, నువ్వక్కడ ఉపన్యాసాలేం ఇవ్వకు. ఒక్క మాటడుగు. ఆసుపత్రి మళ్ళీ ఎప్పుడు తెరుస్తావయ్యా అని. అంతే."

"అడగడమేమిటి ఇర్మా, నిలదీస్తాను! ఆయనకు చెమటలు పట్టించకపోతే చూడు."

"చెమటలొద్దులే నాయనా. జవాబు చాలు."

ఆమె వెళ్ళాక అద్దం ముందు నిలబడి నిలదీయడం సాధన చేశాను. కనుబొమ ఎత్తి కొన్నిసార్లు, దించి కొన్నిసార్లు. ఎత్తితేనే గంభీరంగా ఉంది. తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న నా భార్య నేడీన్, "ఏ కనుబొమైతే ఏముందిలే, అడగాల్సింది మర్చిపోకు" అంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి పట్టుకుని అనే మాటేనా ఇది?

మర్నాడు హోటల్ చుట్టూ తాళ్ళు కట్టి జనాన్ని అవతలే ఆపేశారు. లోపల కెమెరాలు, దీపాలు, ఏరికోరి కూర్చోబెట్టిన కొద్దిమంది, నేను. అధ్యక్షుడు లోపలికొస్తుండగా సహాయకుడొకడు ఆయన చెవిలో నా పేరు ఊదడం కళ్ళారా చూశాను. చూసి ఏం లాభం? ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వెండెల్! మీ కాలమ్ వదలకుండా చదువుతానండీ. ఆ టొమాటోల మీద రాసింది ఉంది చూశారూ, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను!"

నేను టొమాటోల మీద ఎన్నడూ రాయలేదు. కానీ ఆ క్షణంలో రాసినట్టే గుర్తొచ్చింది. బాగా రాశానని కూడా అనిపించింది!

"అధ్యక్షుడు గారూ," అన్నాను కనుబొమ ఎత్తి. కెమెరాలన్నీ నావైపు తిరిగాయి. హోటలంతా ఊపిరి బిగబట్టింది. నా నోరు తెరుచుకుంది. "మీరు... ఆపిల్ పై మీద ఐస్‌క్రీమ్ వేసుకుంటారా?"

"ఇదీ ప్రశ్నంటే!" అని ఆయన బల్ల చరిచాడు. "రాజధానిలో ఇంత గట్టిగా అడిగే మొనగాడు ఒక్కడూ లేడు. వెనిలా అయితేనే వేసుకుంటాను!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, పళ్ళన్నీ కనిపించేలా. ఆ నవ్వు ఆగి, ఆసుపత్రి మాట నాలుక మీదికి వచ్చేలోపు ఆయన రెండు ముక్కలు నోట్లో వేసుకుని, చేయూపుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా ఆ నవ్వు టీవీ ప్రకటనలోకి ఎక్కింది. ఆయనా నేనూ పక్కపక్కన. కింద "మిల్లర్స్‌ఫోర్క్ మనతోనే" అన్న అక్షరాలు. నేను ఊరంతా తిరిగి సంజాయిషీ ఇచ్చుకున్నాను. "ఆసుపత్రి మూసేసినప్పుడు ఆయన్ని ఎన్ని వారాలు ఉతికి ఆరేశాను! గుర్తులేదా?" అని మంగలి డెల్బర్ట్‌ను అడిగాను.

"రాసే ఉంటావులే," అన్నాడు కత్తెర ఆపకుండా. "టీవీలో మాత్రం భలే ఉన్నావు. ఆ నీలం చొక్కా నీకు నప్పింది."

ఇర్మాకు మాత్రం మొహం చాటేశాను. ఆమె ఇంటివైపు కిటికీకి పరదా వేసేశాను. నేడీన్ ఊరుకుంటుందా? "ఇర్మాను దింపాల్సిన అమ్మాయికి జ్వరం. నువ్వే తీసుకెళ్ళు" అంటూ కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

ఊరు దాటాక నేనే, "ఇర్మా, ఆ రోజు హోటల్లో..." అని మొదలుపెట్టాను.

"నేనూ వచ్చానుగా. తాడవతల నిలబడ్డాను. కిటికీ అద్దంలోంచి బాగానే కనిపించారు, మాటలే వినబడలేదు. నువ్వేదో అడిగావు. ఆయన బల్ల చరిచాడు. ఇద్దరూ ఒకటే నవ్వు. ఇంకేముంది, ఆసుపత్రి తెరుస్తానని మాటిచ్చేశాడనుకున్నాను. పక్కన నిలబడ్డావిడ ఎవరో కూడా తెలీదు, గట్టిగా వాటేసుకున్నాను."

నేను ఖాళీ రోడ్డు మీద హారన్ కొట్టాను.

"ఇంతకీ దేనికయ్యా అంత నవ్వావు?"

చెప్పాను. ఐస్‌క్రీమ్ అని చెప్పాను. వెనిలా అని కూడా చెప్పాను. ఆమె మొహం కిటికీవైపు తిప్పుకుంది.

కాబట్టి పాఠకులారా, ఓటు వేసే ముందు ఫోటో తప్పకుండా చూడండి. నవ్వు చూడండి, జుట్టు చూడండి. దేనికా నవ్వు అని కూడా ఎవరైనా అడిగితే బాగుంటుంది. ఆ పని చేయడానికే నాకు పత్రికవాళ్ళు జీతమిస్తున్నారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది.

డయాలిసిస్ కేంద్రం ముందు కారు ఆపి, చెయ్యి పట్టుకుని దించాను.

"నాలుగు గంటలు పడుతుంది. ఉంటావా, పోతావా?" అంది ఇర్మా.

"ఉంటాను" అన్నాను.

ఫోటో తీసేవాళ్ళెవరూ లేరు. అయినా ఉన్నాను.